గోడెక్కిన గోమారికి బహిరంగ లేఖ

గోమారీ,

క్షేమ సమాచారాలు అడగబోవడం లేదు. నువ్వు క్షేమంగా, సపరివారంగా ఉన్నావని మా ఇంట్లో అందరికీ తెలుసు. కుక్కపిల్లను తెచ్చుకున్నది మేము. దానికి గిన్నెలు, పక్క, బొమ్మలు, మెడపట్టీ కొన్నది మేము. టీకాల పుస్తకం ఫ్రిజ్ మీద పెట్టుకుని తేదీలు చూసుకుంటున్నదీ మేమే. కానీ ఈ ఇంట్లో ఏ పూట ఏం జరగాలో నిర్ణయిస్తున్నది మాత్రం నువ్వు. సాయంత్రం కాఫీ తాగి టీవీ ముందు కూర్చోవాల్సిన మనుషులం, టార్చి లైటూ ట్వీజరూ స్పిరిట్ సీసా ముందేసుకుని నేల మీద కూర్చుంటున్నాం. కర్టెన్లు దులుపుతున్నాం. మంచాలు తిరగేస్తున్నాం. ఇక నీతో నేరుగా మాట్లాడటమే మేలనిపించింది. పదిమందీ వినేలా మాట్లాడితే, నీ చేత చిక్కిన మిగతా ఇళ్ళవాళ్ళకు కూడా పనికొస్తుందని బహిరంగంగా రాస్తున్నాను.

బూరె ఎవరో నీకు చెప్పక్కర్లేదు. మాకంటే ముందు నీకే పరిచయం. సికింద్రాబాద్‌లో మా వీధి మలుపు దగ్గర, ఆగి ఉన్న ఆటో కింద వానకు ముడుచుకుని దొరికిన గోధుమరంగు ఊరకుక్క పిల్ల అది. మా చిన్నవాడు తువ్వాలులో చుట్టి మూడో అంతస్తుకు తెచ్చేసరికే దాని చెవుల్లో నువ్వు కాపురం పెట్టి ఉన్నావు. డాక్టర్ గారు పళ్ళు చూసి రెండు నెలలు దాటి ఉంటాయన్నారు. తూకం వేస్తే రెండు కిలోల మీద కాస్త మొగ్గు. కుక్క ఒంట్లో కిలో బరువుకు సుమారు 80 నుంచి 90 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. ఆ లెక్కన బూరె ఒంట్లో ఉన్నదంతా కలిపినా మా ఇంటి మంచినీళ్ళ గ్లాసు నిండదు. ఆ గ్లాసుకే నువ్వూ, నీ అక్కచెల్లెళ్ళూ, బావమరుదులూ నోరు పెట్టారు. పెద్ద కుక్కకు నువ్వు కొన్నాళ్ళు దురదవి. రెండు నెలల పిల్లకు మాత్రం రక్తహీనతవి. పై పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు గులాబీ రంగులో ఉండాలి. ఆ రోజు బూరె చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి. డాక్టర్ గారు పేరు, వయసు రాసుకోకముందే చూసింది అదే.

నిన్ను పురుగు అనడం కూడా తప్పేనట. పెద్దయ్యాక నీకు ఎనిమిది కాళ్ళు. సాలీడు, తేలు నీ దాయాదులు. గుడ్డులోంచి బయటపడ్డప్పుడు ఆరు కాళ్ళే ఉంటాయి, కంటికి ఆనవు. ముందరి కాళ్ళ చివర నీకొక చిన్న గుంట ఉంటుంది. ఊపిరిలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడునూ, ఒంటి వేడినీ, వాసననూ దానితోనే పసిగడతావు. 1806లో లాత్రెయ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నిన్ను వర్ణించి సాంగ్వినియస్ అని పేరు పెట్టాడు. మా వేడి దేశాల్లో ఉండే శాఖ వేరని తేల్చి, 2021లో శాస్త్రజ్ఞులు నిన్ను రైపిసెఫాలస్ లిన్నై అనే పేరు కింద వేరు కాపురం పెట్టించారు. మా అత్తయ్య మాత్రం ఇప్పటికీ పిడుదు అనే అంటారు. ఏ పేరు పెట్టినా నీ వృత్తి మారలేదు కనుక అసలు సంగతికి వస్తాను.

నీ గురించి లోకం అనుకునేదొకటి, నువ్వు చేసేదొకటి. లోకం నిన్ను కుక్క మీద వెతుకుతుంది. నీ బతుకులో ఎక్కువ భాగం గడిచేది కుక్క మీద కాదు, ఇంట్లో. గుడ్డులోంచి వచ్చిన పిల్ల గోమారి కుక్కనెక్కి, ఐదారు రోజులు రక్తం తాగి, రాలిపోతుంది. ఎక్కడో సందులో దూరి కుబుసం విడిచి ఎనిమిది కాళ్ళతో మళ్ళీ బయల్దేరుతుంది. మళ్ళీ కుక్క, మళ్ళీ రక్తం, మళ్ళీ రాలడం, మళ్ళీ సందు. మూడోసారి వచ్చేటప్పటికి అది పెద్దది. ఆడదైతే వారం పాటు తాగి, బూడిద రంగుకు తిరిగి, ఆముదం గింజలా ఉబ్బి కిందికి జారుతుంది. అప్పుడు నేల మీద ఉండిపోతుందా? ఉండదు. గోడ పట్టుకుని పైకి పాకుతుంది. పైకి పోవడం నీ జాతి బుద్ధి. తలుపు చట్రం పైన, ఫొటో ఫ్రేము వెనక, స్విచ్ బోర్డుకూ గోడకూ మధ్య పెచ్చులూడిన చోట, కర్టెను మడతలో చోటు చూసుకుని వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఒక్క ఆడది నాలుగు వేల దాకా పెట్టగలదు. సృష్టిలో గోమారి జాతులు ఎన్నో ఉన్నా, గుమ్మం దాటి అడుగు బయట పెట్టకుండా ఇంట్లోనే తరాలకు తరాలు గడపగలిగిన ఘనత నీకే దక్కింది. అడవీ, గడ్డీ, చెరువుగట్టూ ఏవీ అక్కర్లేదు. ఒక కుక్కా, ఒక ఇల్లూ ఉంటే చాలు.

మా పెళ్ళి ఫొటో ఫ్రేము అంచున నువ్వు పాకుతుండగా చూసిన అత్తయ్య, "కుక్కను పెంచుకుంటే ఇలాంటి వైభోగాలే, అమ్మాయ్" అన్నారు. ఆవిడకు కుక్కలంటే ఇష్టం లేదనుకునేవు. బూరెకు పెరుగన్నం కలిపేది ఆవిడే. ఆవిడ కోపమంతా నీ మీదే. పెళ్ళి ఫొటో దాకా ఎక్కడం ఆవిడ దృష్టిలో హద్దు మీరడం.

ముందు నిన్ను పీకే సంగతి. ఇక్కడ నీకంటే మా వాళ్ళతోనే నాకు పోట్లాట ఎక్కువ. పిల్ల ఒంటి మీద నల్లగా, గుండ్రంగా ఏది కనపడినా గోళ్ళతో లాగేద్దామని చూస్తారు. పొట్ట మీద రెండు వరుసల్లో ఉండేవి చనుమొనలు. మగపిల్లకూ ఉంటాయి. వాటిని గోమార్లనుకుని పీకబోయి, పిల్ల కేర్ మంటే పరుగెత్తుకొచ్చే జనాన్ని తరచూ చూస్తుంటానని డాక్టర్ గారు చెప్పారు. నమ్మబుద్ధి కాలేదు. ఇంటికొచ్చాక మా పెద్దవాడు బూరె పొట్ట మీద టార్చి వేసి, "అమ్మా, ఇక్కడ వరసగా ఉన్నాయి చూడు!" అన్నప్పుడు నమ్మాను. గుర్తు తేలికే. చనుమొనలు రెండు పక్కలా జతలుగా ఉంటాయి. నీకు కాళ్ళుంటాయి.

నువ్వు దాక్కునే చోట్లు నాకు నోటికొచ్చాయి. చెవి లోపలి మడత, చెవి వెనక, మెడపట్టీ కింద, చంకలు, తోక మొదలు, అన్నిటికంటే ఎక్కువగా కాలివేళ్ళ సందులు. కొరికేటప్పుడు నొప్పి తెలియకుండా నీ లాలాజలంలోనే మందు పెట్టుకు వస్తావు. నోటి చుట్టూ అంటుకునే పదార్థం ఊరించి చర్మానికి అతుక్కుపోతావు. అందుకే నిన్ను గోళ్ళతో లాగితే ఒళ్ళు ఊడి వస్తుంది, నోరు చర్మంలోనే ఉండిపోతుంది. ట్వీజరును చర్మానికి ఆనించి, నీ నోటి దగ్గర పట్టుకుని, మెలి తిప్పకుండా నిలకడగా పైకి లాగాలి. చిదమకూడదు. అగరుబత్తి అంటించకూడదు. కాల్చితే నువ్వు వదిలేస్తావని ఊళ్ళో అనుకుంటారు గానీ, వదిలే ముందు నీ కడుపులో ఉన్నదాన్ని పుండులోకి కక్కే ప్రమాదం ఉంది. పైగా పిల్ల చెవిలో నిప్పు! లాగాక సింకులో పారేస్తే నీకు స్నానం చేయించినట్టే. నీళ్ళలో నువ్వు అంత త్వరగా చావవు. స్పిరిట్ సీసాలో పడాలి. ఆ సీసా ఇప్పుడు మా షెల్ఫులో ఉంది. చుట్టాలొస్తే చూపించే వస్తువు కాదు కాబట్టి బియ్యం డబ్బా వెనక దాచాం.

ఇక మందుల సంగతి. కుక్కపిల్లను తెచ్చారని తెలిసిన మొదటి వారంలోనే మా ఇంటికి వైద్యశాస్త్రం నలుమూలల నుంచీ వచ్చింది. కిరసనాయిలు రాయమని ఒకరు. కర్పూరం నూనెలో కరిగించి పట్టించమని ఒకరు. చీమల మందు పక్క చుట్టూ చల్లమని ఇంకొకరు. వీటన్నిటినీ మించిన సలహా, పశువుల మందుల దుకాణంలో దొరికే గేదెల మందు. మూత కొలతతో బకెట్టు నీళ్ళలో కలిపి పిల్లను ముంచి తీస్తే ఒక్క గోమారి మిగలదని ఒక పెద్దమనిషి హామీ ఇచ్చారు. గోమార్లతో పాటు పిల్ల కూడా మిగలకపోవచ్చని ఆయన చెప్పలేదు. కిరసనాయిలు చర్మాన్ని కాలుస్తుంది, నాకితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కర్పూరం కుక్కలకు విషం, మూర్ఛ తెప్పిస్తుంది. నాలుగు వందల కిలోల గేదె కోసం చేసిన గాఢమైన మందును రెండు కిలోల పిల్లకు ఉజ్జాయింపుగా కలపడం వైద్యం అనిపించుకోదు. పెర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు వాడే ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఇంకో చిక్కు. పిల్లికి అది ప్రాణం మీదికి తెస్తుంది. నిన్ను చంపాలన్న ఆత్రంలో నువ్వు చేయగలిగిన దానికంటే ఎక్కువ హాని మేమే చేసే వీలుంది. నీ అసలు బలం అదేనేమోనని నాకు అనుమానం.

డాక్టర్ గారు తూకం చూశాకే మందు రాశారు. పసికూనలకు కూడా వాడదగిన ఫిప్రోనిల్ స్ప్రే ముందు. నమిలించే మాత్రలు తరువాత. ఆ మాత్రల్లో చాలావాటికి పిల్ల వయసు 8 వారాలు దాటాలి, కొన్నిటికి ఇంకా ఎక్కువ ఉండాలి. కనీస బరువు కూడా మందును బట్టి మారుతుంది. అఫోక్సోలానర్ మాత్ర నెలకొకటి. ఫ్లూరలానర్ అయితే దాదాపు మూడు నెలలు పనిచేస్తుంది. ఇవి నీ నరాల మీద పనిచేస్తాయి. కుక్క నరాల మీద ప్రభావం బహు తక్కువే అయినా, మూర్ఛ వ్యాధి ఉన్న కుక్కలకు ఆచితూచి ఇవ్వాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. అందుకే పక్కింటి కుక్కకు రాసిన మాత్రను సగం విరిచి మా పిల్లకు పెట్టలేదు. పక్కింటివాళ్ళు మంచివాళ్ళే, సగం ఇస్తామన్నారు కూడా.

మాత్ర వేశాక జరిగిన గొడవ చెప్పాలి. మర్నాడు చెవిలో మళ్ళీ నువ్వే! "డబ్బులు దండగ, మందు పనిచేయలేదు" అని ఇంట్లో ఏకగ్రీవ తీర్మానం జరిగిపోయింది. ఈ మాత్ర రక్తంలో ఉంటుంది. నువ్వు కుక్కనెక్కి, కొరికి, తాగితేనే నీకు అందుతుంది. ఎక్కకుండా ఆపే మందు కాదు, ఎక్కినదాన్ని దింపే మందు. అసలు మర్నాడు కనిపించింది నిన్నటి నువ్వు కాదు. గోడ దిగి వచ్చిన కొత్త బ్యాచి. ఇది అర్థమైన రోజున నా కోపం కుక్క మీది నుంచి గోడ మీదికి మళ్ళింది.

అప్పుడే మా ఇల్లు మాకు కొత్తగా పరిచయమైంది. ఇన్నేళ్ళుగా ఉంటున్న ఇంటికి ఇన్ని సందులున్నాయని ఎవరికి తెలుసు? మంచం కోళ్ళ అతుకులు. సోఫా కింద చిరిగిన గుడ్డ. ఏసీ పైపు గోడలోకి పోయే చోట పుట్టీ రాలిన కన్నం. దేవుడి గది గుమ్మానికి పైన, తోరణం మేకు పక్కన, నీ గుడ్లు కుప్పగా, గోధుమరంగులో మెరుస్తూ. రోజూ వాక్యూమ్ పెట్టి, ఆ సంచిని కట్టి బయట చెత్తబండిలోనే పడేస్తున్నాం. బూరె పక్కగుడ్డలు మరిగే నీళ్ళలో ఉడికి, మేడ మీద ఎండకు ఆరుతున్నాయి. మా ఆయన వైట్ సిమెంటు కలిపి కన్నాలు పూడ్చే పని మీద పడ్డారు. ఆదివారాలు ఏ పనికీ కదలని మనిషి. ఈ ఒక్క విషయంలో నీకు నేను రుణపడి ఉన్నాను. మందు కొట్టేవాళ్ళను కూడా పిలిచాం. పిల్లను మా చెల్లెలి ఇంట్లో వదిలి, అక్కడికి నిన్ను మోసుకెళ్ళకుండా ముందు ఒళ్ళంతా వెతికి, ఇక్కడ కొట్టిన మందు పూర్తిగా ఆరాకే తీసుకొచ్చాం. వచ్చినాయన నేలంతా కొట్టి వెళ్ళిపోబోతుంటే అత్తయ్య అడ్డం నిలబడి, "పైన కొట్టు నాయనా, వాళ్ళు పైన ఉంటారు" అన్నారు. ఆయన ఆవిడను వింతగా చూశాడు గానీ నిచ్చెన తెచ్చాడు.

ఇల్లు వదిలేసి కొన్నాళ్ళు ఊరెళ్ళొస్తే ఆకలికి నువ్వే చస్తావని ఒక ఆశ ఉండేది. పెద్దయిన గోమారి తిండి లేకుండా ఏడాదిన్నర దాకా బతకగలదని తెలిశాక ఆ ఆశా పోయింది. మా సంక్రాంతి సెలవులు నీకొక లెక్కా?

చలి దేశాల్లో బయట ఉండే గోమార్లకు మంచు కాలం కాస్త కళ్ళెం వేస్తుంది. మా తెలుగు నేల మీద నీకు ఆ బెడద లేదు. పరిస్థితులు కుదిరితే గుడ్డు నుంచి మళ్ళీ గుడ్డు దాకా నీకు రెండు నెలలు చాలు. అంటే ఏడాదిలో నీకు మనవలు, మునిమనవలు. ఇదే మనుషులకు పట్టుబడని లెక్క. నెల రోజులు మందు వేసి, ఒంటి మీద ఏమీ కనపడకపోతే, "పోయాయిలే" అని మానేస్తారు. అప్పుడు సందులో గుడ్లు పొదుగుతుంటాయి. రెండో నెలలో, మూడో నెలలో వాటిలోంచి వచ్చినవి కుక్కనెక్కితే, "ఎక్కణ్ణుంచి వచ్చాయో ఖర్మ" అని తల పట్టుకుంటారు. ఎక్కణ్ణుంచో రాలేదు. ఇంట్లోంచే వచ్చాయి. మందు ఆపకుండా నెలల తరబడి వేస్తే, ఎక్కిన ప్రతి తరమూ గుడ్లు పెట్టకముందే చస్తుంది. కుక్కే నీకు ఉచ్చు అవుతుంది. ఇంతకు మించిన రహస్యం నా దగ్గర లేదు, ఇది తెలిసి చేసే ఓపికే కావాలి.

అపార్ట్‌మెంటులో నీ వల్ల మాకొచ్చిన పేరు కూడా చెప్పుకోవాలి. లిఫ్టులో కింద ఫ్లాటు ఆంటీ బూరెను చూసి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, "కుక్కలున్న ఇల్లు శుభ్రంగా ఎక్కడుంటుందిలెండి" అన్నారు. నవ్వి ఊరుకున్నాను. రోజూ గోడ దులిపే ఇల్లు మా అపార్ట్‌మెంటులో ఇంకొకటి ఉందేమో ఆవిడే చెప్పాలి. నువ్వు మురికికి పుట్టవు. పాలరాతి గచ్చు ఇంట్లోనూ ఉంటావు, పెంకుటింట్లోనూ ఉంటావు. వెచ్చదనం, సందు, కుక్క, ఈ మూడే నీకు కావాల్సింది. ఇదెవరూ చెప్పకపోవడం వల్ల కుక్కపిల్లను తెచ్చిన కొత్తలో నువ్వు కనపడితే జనం సిగ్గుతో దాచుకుంటారు. కొందరు పిల్లను రోజూ సబ్బుతో కడిగి చర్మం పొడిబార్చుకుంటారు, ఒంటి మీద వేసిన మందును కూడా కడిగేసుకుంటారు. ఇంకొందరు మరీ దారుణంగా, తెచ్చిన చోటే వదిలేసి వస్తారు. అలా వదిలిన పిల్లను చూడాలంటే మా వీధి చివరి దాకా వెళ్ళనక్కర్లేదు.

నువ్వు రక్తం తాగి ఊరుకుంటే ఇంత ఉత్తరం రాసేదాన్ని కాదు. నువ్వు తాగి ఊరుకోవు, పెట్టి పోతావు. ఎర్లికియా అనే సూక్ష్మజీవి ఉంది. దాన్ని 1935లో అల్జీరియాలో కుక్కల్లో కనిపెట్టారు. 1968, 1970 మధ్య వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన కుక్కలు వందకు పైగా దాని వల్లనే నేల రాలాయి. తుపాకుల నుంచి తప్పించుకున్న జర్మన్ షెపర్డ్‌లు నీ నుంచి తప్పించుకోలేకపోయాయి. ఆ జాతిని ఈ జబ్బు మరీ తీవ్రంగా కుంగదీస్తుంది. మా హైదరాబాదులో గేటు మీద బోర్డు పెట్టి మరీ పెంచుకునేది ఆ జాతినే.

నీ మీద మా దేశంలో కూడా పాత కేసులున్నాయి. కుక్క తెల్లరక్తకణాల్లో కాపురం పెట్టే హెపటోజూన్‌ను 1905లో ఇక్కడే గుర్తించారు. అది నువ్వు కొరికితే రాదు. నిన్ను కుక్క కొరికి మింగితే వస్తుంది. దురద పెట్టిన చోట పళ్ళతో గీరుకునే పిల్లకు ఇంతకంటే సులువైన దారి ఏముంటుంది? 1910లో మద్రాసులో దొరల వేటకుక్కల రక్తంలో, ఆ తరువాత నక్కల రక్తంలో కనిపెట్టిన జీవి బబీసియా గిబ్సోనై. మా దేశంలో దాన్ని మోసుకొస్తున్న వాళ్ళలో నువ్వు కూడా ఉన్నావని అనుమానం ఉంది. బబీసియా ఇంకో రకాన్ని, వోగెలైని, మోసేది నువ్వేనని రుజువైపోయింది. మనుషులను నువ్వు అంతగా పట్టించుకోకపోయినా, టిక్ టైఫస్ అనే జ్వరం విషయంలో మమ్మల్ని కూడా పూర్తిగా వదిలిపెట్టలేదు.

ఇంకో మాట. సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897 ఆగస్టు 20న. ఆయన పనిచేసిన పాత భవనం బేగంపేట వైపు ఇప్పటికీ ఉంది. ఆ రోజును ప్రపంచమంతా దోమల దినంగా జరుపుకుంటుంది. కానీ కుట్టే జీవి జబ్బును ఒక ప్రాణి నుంచి ఇంకో ప్రాణికి మోస్తుందని అంతకు నాలుగేళ్ళ ముందే, 1893లో, స్మిత్, కిల్బోర్న్ అనే ఇద్దరు అమెరికన్లు పశువుల జ్వరం మీద పనిచేసి రుజువు చేశారు. ఆ కేసులో ముద్దాయి నీ జాతే. దోమ కంటే ముందు బోనెక్కిన దానివి, నీకొక దినం లేదు. దోమకు మేము బ్యాట్లూ కాయిల్సూ వలలూ కొంటాం, నీ ఊసు కుక్కల డాక్టరు గదిలో తప్ప ఎక్కడా రాదు.

నీ వల్ల పిల్లకు జ్వరం వచ్చే తీరు కూడా నీ కపటానికి తగ్గట్టే ఉంటుంది. నిన్ను పీకి పారేసిన కొద్ది గంటల్లో కాదు, ఒకటి రెండు వారాలు గడిచాక, నువ్వు గుర్తు కూడా లేనప్పుడు, పిల్ల గిన్నె దగ్గరికి రావడం మానేస్తుంది. మూలన పడుకుంటుంది. ఒళ్ళు కాలుతుంది. చిగుళ్ళు తెల్లబడతాయి, పొట్ట మీద ఎర్రటి చుక్కలు, ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం. ప్లేట్‌లెట్లు పడిపోతాయి. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్లంటే ఏమిటో ఇప్పుడు తెలుగునాట చిన్నపిల్లలకు కూడా తెలుసు కనుక ఎక్కువ వివరించను. రక్తం చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు, లేదా కిట్ పరీక్ష చేస్తారు. ఎర్లికియా అని తేలితే డాక్సీసైక్లిన్, అదీ 28 రోజులు, తిండితో పాటు. నాలుగో రోజుకు పిల్ల గెంతుతోందని మానేస్తే జబ్బు లోపల దాక్కుంటుంది, నెలల తరువాత ఎముక మజ్జ దెబ్బతిన్నాక బయటపడుతుంది. దీనికి టీకా లేదు. డిస్టెంపరుకు ఉంది, పార్వోకు ఉంది, రేబిస్‌కు ఉంది. ఆ టీకాల పుస్తకంలో నీ పేరిట ఒక్క గడి లేదు. పిల్ల టీకాలన్నీ అయిపోయాయని ఊపిరి పీల్చుకునేవాళ్ళు ఇది తెలుసుకోవాలి.

బూరెకు జ్వరం రాలేదు. చిగుళ్ళు తిరిగి ఎర్రబడ్డాయి. నులిపురుగుల మందు, టీకాలు, పెరుగన్నంలో ఉడికించిన గుడ్డు, ఆ ఘనతలో వీటన్నిటికీ వాటా ఉంది. నీకు వాటా ఇవ్వాలంటే నాకు మనసొప్పడం లేదు గానీ ఒకటి మాత్రం ఒప్పుకోక తప్పదు. రోజూ సాయంత్రం నిన్ను వెతికే పేరుతో దాని చెవులు తిప్పి, పెదవి ఎత్తి, ఒక్కో కాలూ పట్టుకుని వేళ్ళ సందులు విడదీసి చూస్తున్నాం కదా. పిల్ల మనుషులకు అలవాటుపడే వయసే అది. మొదట కాలు పట్టుకుంటే చాలు సూదిపళ్ళతో చెయ్యి కొరికేది. చూడటం అయ్యాక చిన్న క్యారెట్ ముక్క పెట్టేవాళ్ళం. ఇప్పుడు టార్చి లైటు వెలగగానే వచ్చి వెల్లకిలా పడుకుని నాలుగు కాళ్ళూ పైకెత్తుతుంది. గోళ్ళు కత్తిరించడానికి పేచీ లేదు. డాక్టర్ గారి బల్ల మీద చెవిలో చుక్కలు వేయించుకుంటూ కదలదు. వేలకు వేలు పోసి ట్రైనర్ దగ్గర నేర్పించుకునే పని, నీ పుణ్యమా అని క్యారెట్లతో అయిపోయింది. దీన్ని కృతజ్ఞత అనుకోకు. ట్వీజర్ ఇంకా నా చేతిలోనే ఉంది.

ఇప్పుడు షరతులు. క్యాలెండరులో వచ్చే మాత్ర తేదీకి ఎర్ర సున్నా చుట్టాం. దాని తరువాతి దానికీ చుట్టాం. కనిపించడం మానేశావని మేం మానేస్తామనుకోకు, కనీసం ఏడాది పొడుగునా ఈ సున్నాలు ఉంటాయి. కన్నాలు పూడ్చడం హాలు, పడకగది అయింది, వంటింటి గూడు మిగిలింది. అటకెక్కాలని నీకు ఆలోచన ఉంటే, అత్తయ్య ఇప్పటికే అక్కడ టార్చి వేసి చూస్తున్నారు.

ఇట్లు,
బూరె తరఫున, దాని ఇంటివాళ్ళు

తా.క.: మెట్ల కింద పడుకునే నల్ల కుక్క దగ్గరికి మకాం మార్చి, అక్కణ్ణుంచి తలుపు సందులోంచి మళ్ళీ రావచ్చని అనుకుంటున్నావేమో. వాచ్‌మన్, నేను కలిసి దాన్ని తూకం వేయించాం. చేతికి అంత సులువుగా చిక్కే కుక్క కాదది. ఉడకబెట్టిన కోడిమాంసంలో పెట్టి దానికీ మాత్ర వేశాం. ఖర్చులో సగం కింద ఫ్లాటు ఆంటీ ఇచ్చారు.